ఏరు ఎడమ చేతికి

బెథెల్ బెండ్‌లో మా నల్లవాళ్ళ సమాధుల మీద రాళ్ళుండవు. పోయిన మనిషి చివరగా తాగిన కప్పో, తిన్న పళ్ళెమో ఆ నేలలో గుచ్చేవాళ్ళు. ఎవరు ఎక్కడున్నారో నోటితో చెప్పుకునేవాళ్ళు. దాన్ని మేం పిలుపు అంటాం.

ఏటా ఆగస్టులో కలయిక ఆదివారం నాడు హ్యూస్టన్ నుంచి, డాలస్ నుంచి, కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్ళంతా శ్మశానం గేటు దగ్గర నిలబడతారు. పిలుపు చెప్పే మనిషి వరస వెంట నడుస్తూ ఒక్కో పేరూ పిలుస్తుంది. ఆ మనిషి గురించి ఒక ముక్క చెబుతుంది. ఆ పేరింటి వాళ్ళు "ఇక్కడే" అని బదులివ్వాలి. బదులు రాకపోతే ఆమె అక్కడే ఆగిపోతుంది. ఎవరో ఒకరు పలికేదాకా అడుగు ముందుకు వెయ్యదు.

1998 నాటికి పిలుపు చెప్పేది మా ఓజెల్లా పెద్దమ్మ. ఎనభై రెండేళ్ళు. నన్ను పెంచింది ఆమే. నేను బడి బస్సు నడుపుతాను. వేసవి కాబట్టి ఇంట్లోనే ఉన్నాను.

జూన్‌లో డాక్టరు ఆమెకు క్లోమంలో రాచపుండు ఉందని, కోసే దశ దాటిందని చెప్పాడు. పెద్దమ్మ ఆస్పత్రి మెట్లు దిగి కారెక్కింది. బెల్టు పెట్టుకున్నాక అంది.

"కలయిక దాకా ఉంటానే పిల్లా. పిలుపు చెప్పేసి పోతాను. నన్ను మాత్రం మా అమ్మ పక్కన పెట్టండి."

వాళ్ళమ్మ పేరు లియోటా. పెద్దమ్మకి ఆరేళ్ళప్పుడు పోయింది. పాత వైపు వరసలో, సీడరు చెట్టు కింద, నీలం కప్పు గుచ్చి ఉన్న చోటు ఆమెది. కప్పు పగిలినప్పుడల్లా పెద్దమ్మ కొత్త నీలం కప్పు కొని గుచ్చేది. లియోటాకి వేరే సంతానం లేదు. పిలుపులో ఆ పేరు వచ్చినప్పుడు పిలిచేదీ పెద్దమ్మే, "ఇక్కడే" అనేదీ పెద్దమ్మే.

పాత వైపు తవ్వడానికి మా చర్చి గుడిని, శ్మశానాన్ని చూసుకునే ట్రస్టీలు ఒప్పుకోలేదు. రెండేళ్ళ కిందట కొత్త వైపు ఒక గొయ్యి తీస్తుంటే పార ఎవరిదో పెట్టెకి తగిలింది. అప్పటి నుంచి అందరికీ భయం. ట్రస్టీల పెద్ద రాస్కో టార్వర్ మా ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అక్కా, నీకు కాదనడం నా వల్ల కాదు. కానీ నేల లోపల చూసే మిషనొకటి ఉందట. యూనివర్సిటీ నుంచి మన పిల్లే ఒకతి వస్తానంది. మీ అమ్మ ఎంత వెడల్పున పడుకుందో చూసి, పక్కన గీత గీసి ఇస్తుంది."

"మా అమ్మ సన్నగా ఉండేది," అంది పెద్దమ్మ. "నీలా కాదు. చోటుంటుంది."

*

ఆ పిల్ల పేరు కమీల్ బాటిస్ట్. వాళ్ళది లేక్ చార్ల్స్. మిషను గడ్డి కోసే బండిలా ఉంది, చక్రాలతో, పైన చిన్న తెరతో. పెద్దమ్మకి సీడరు నీడలో కుర్చీ వేశాం. గొడుగు నేను పట్టుకున్నాను.

"ఇది గడ్డి కూడా కోస్తుందా డాక్టరమ్మా?" అన్నాడు రాస్కో.

"కోసినా నీకేం లాభం?" అంది పెద్దమ్మ. "నువ్వు కోస్తానన్న గడ్డి కెనడీ పోయినప్పటి నుంచీ అలాగే ఉంది."

కమీల్ నవ్వుతూ మొదలుపెట్టింది. నీలం కప్పు పక్క నుంచి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. అడ్డంగా వెళ్ళింది. నవ్వడం మానేసింది. కప్పు ఒక్కటే కాకుండా పాత వైపు వరస మొత్తం, గేటు నుంచి గుడి వెనక గోడ దాకా తోసుకుంటూ పోయింది. మళ్ళీ వచ్చింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చివరికి మిషను ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెద్దమ్మ కుర్చీ ముందు గడ్డిలో కూర్చుంది.

"మామ్మగారూ, ఇక్కడ నేల ఎవరూ తవ్వలేదు."

"ఎక్కడ?"

"ఈ వరసలో ఎక్కడా. తవ్వి పూడ్చిన మట్టి వేరేగా కనబడుతుంది. ఇది ఎప్పుడూ తవ్వని మట్టి."

"మీ మిషను పాడైంది."

కమీల్ వాదించలేదు. కొత్త వైపుకి తోసుకుపోయింది. అక్కడ మా పెదనాన్న ఉన్నాడు. ఆయన్ని పూడ్చిన రోజు నేనూ ఉన్నాను. తెర మీద గొయ్యి అంచులు కనబడ్డాయి. ఆ అంచులు నేను చూశాను. పెద్దమ్మ కూడా లేచి వచ్చి చూసింది. చూసి తన కుర్చీ వైపు వెళ్ళలేదు. కారు వైపు నడిచింది.

రాస్కో టోపీ నెత్తిన పెట్టుకోవడం మర్చిపోయి ఎండలో నిలబడి ఉన్నాడు.

"మరి వాళ్ళెక్కడ?" అన్నాడు. ఎవరితోనూ కాదు.

*

మా ఇంట్లో పిలుపు కలయిక నాడు మాత్రమే వినబడేది కాదు. బఠాణీలు ఒలుస్తూ, దుప్పట్లు ఆరేస్తూ పెద్దమ్మ దాన్ని గొణుక్కునేది. ఆ రోజు నుంచి ఆ గొణుగుడు ఆగిపోయింది. తిండి తింది, మందు వేసుకుంది, టీవీ ముందు కూర్చుంది. జూలై వచ్చింది.

పిలుపు మొత్తం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా మా అందరికీ బదులు చెప్పడం వచ్చు, పిలవడం రాదు. నాకు మొదటి వరస వచ్చు, మధ్యలో ముక్కలు వచ్చు.

"నాకు నేర్పు పెద్దమ్మా," అన్నాను ఒక మధ్యాహ్నం.

"ఏం నేర్పనే?"

"పిలుపు."

"గడ్డి పేర్లు నేర్చుకుంటావా?" టీవీ మీంచి చూపు తిప్పలేదు. "అరవై ఏళ్ళు జనాన్ని తీసుకెళ్ళి గడ్డి ముందు నిలబెట్టాను. వాళ్ళని ఏడిపించాను. లాస్ ఏంజెలెస్ నుంచి విమానమెక్కి వచ్చి ఆ ముసలి హార్వీ పచ్చగడ్డికి ముద్దుపెట్టి పోయేవాడు. ఈ ఏడు పిలుపు లేదు. రాస్కోకి ఫోన్ చేసి చెప్పు."

నేను ఫోన్ చెయ్యలేదు. కమీల్‌కి చేశాను.

ఆమె మరుసటి వారం వచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి కార్న్‌బ్రెడ్ పెట్టాను. పెద్దమ్మ ముందు గదిలో ఉంది, టీవీ చప్పుడు పెంచింది. పిలుపు ఒకసారి వింటానంది కమీల్. నాకు వచ్చినంత చెప్పాను.

"గేటులో నిలబడు. ఏరు నీ ఎడమ చేతికి వినబడాలి. మొదట పడుకున్నది డోర్కస్, మూటలో విత్తనం తెచ్చిన మనిషి. ఆమె పాదాల దగ్గర కవలలు, పేరు పెట్టేలోగా పోయినవాళ్ళు. తర్వాత టోబియాస్ చోటు. రైలు పట్టాలు వెయ్యడానికి పోయాడు, రాలేదు. చోటుంది, మనిషి లేడు. అతని పేరుకి మేం ఇక్కడే అనం. వస్తాడు అంటాం."

కమీల్ కార్న్‌బ్రెడ్ పక్కన పెట్టింది.

"ఏరు ఎడమ చేతికా?"

"అది మా ఊరి జోకు," అన్నాను. "గేటులో నిలబడితే ఏరు కుడి చేతికి వినబడుతుంది. పెద్దమ్మ ఆ ముక్క అనగానే జనమంతా 'ఏరు కూడా మనలాగే ఇల్లు మారింది' అని అరుస్తారు. చిన్నపిల్లలు ఆ అరుపు కోసమే ముందు వరసలో నిలబడతారు."

"ఏరు మారలేదు," అంది కమీల్. "వచ్చే ముందు పాత పటాలు చూశాను. నూరేళ్ళుగా అక్కడే ఉంది." తర్వాత అడిగింది. "ఆ గేటు ఎవరు పెట్టారు?"

ముందు గదిలో టీవీ ఆగిపోయింది.

"మా ఆయన," అంది పెద్దమ్మ గుమ్మంలోంచి.

ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు. కుర్చీ లాగి ఇచ్చాను, కూర్చోలేదు.

"తెల్లవాళ్ళు ఊరు తగలబెట్టినప్పుడు నాకు ఏడేళ్ళు," అంది. "అమ్మ పోయిన మరుసటి ఏడు. గుడీ పోయింది, ఇళ్ళూ పోయాయి, సమాధుల మీది కప్పులూ పళ్ళేలూ గుర్రాలతో తొక్కించారు. బోమాంట్‌లో రంపపు మిల్లు గదుల్లో పడ్డాం. తాత గిడియన్ నాకు పిలుపు అక్కడే నేర్పాడు. వంటగదిలో. పొయ్యి దగ్గర నిలబెట్టి, ఇదే గేటు అనుకో అనేవాడు. పొయ్యి నుంచి తలుపు దాకా నడిపించేవాడు. తప్పు చెబితే మళ్ళీ పొయ్యి దగ్గరికి."

"మరి ఇక్కడికి?"

"తాత అక్కడే పోయాడు. మేం పడుచువాళ్ళం తిరిగొచ్చాం, నాలుగిళ్ళ వాళ్ళం. అంతా అడవి పెరిగిపోయింది. కౌంటీ వాళ్ళు కొత్త రోడ్డు వేశారు. రోడ్డు వైపు గుడి కట్టాం, రోడ్డు వైపు గేటు పెట్టాం. గేటు రోడ్డు మీదికే కదా ఉంటుంది. నేను గేటులో నిలబడి పిలుపు చెప్పాను. ఏరు కుడి చేతికి వినబడింది. నాకు తాత మాట మీద నమ్మకం. ఏరే మారిందనుకున్నాను."

"పాత రోడ్డు ఎటుండేది?"

పెద్దమ్మ చెయ్యెత్తింది. మా వంటింటి కిటికీలోంచి గుడి వెనక భాగం కనబడుతుంది. ఆ వెనక తారు నేల, తెల్ల గీతలు, రాస్కో లింకన్ కారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పాత గేటూ అటే. మేం వచ్చేసరికి అక్కడ స్వీట్‌గమ్ చెట్ల పొదలుండేవి," అంది.

*

గుడి వెనక బండ్లు పెట్టే చోటు 1981లో వేశారు. అంతకు ముందు వానాకాలం ఆదివారాలు ముసలివాళ్ళు బురదలో నడిచి రావాల్సి వచ్చేది. తారు డబ్బుల కోసం రెండేళ్ళపాటు ప్రతి శుక్రవారం గుడి ముందు చేపలు వేయించి పళ్ళేలు అమ్మారు. మూకుడు దగ్గర నిలబడింది పెద్దమ్మ. నేను మొక్కజొన్న పిండి జల్లించేదాన్ని. చేపల పళ్ళెం కొనడానికి పక్క కౌంటీ నుంచి తెల్లవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. తారు వేసిన రోజు రాస్కో రిబ్బను కోశాడు. కత్తెర పెద్దమ్మ కుట్టుపెట్టెలోది.

కమీల్ మిషను దించేసరికి రాస్కో తన కారు తీయడానికి వచ్చాడు. పాత రోడ్డు వైపు చివర, కారు పెట్టుకునే మొదటి గడి అతనిది. నేల మీద 'ట్రస్టీ' అని రాసి ఉంటుంది. కారు తీశాక అక్కడ నూనె మరక కనబడింది, పళ్ళెమంత.

పెద్దమ్మ మా కారులోంచి దిగలేదు. కిటికీ దించి, మోచెయ్యి బయట పెట్టి కూర్చుంది. ఇటు నుంచి చూస్తే ఏరు ఎడమ పక్కన ఉంది. ఆ రోజు నీళ్ళు తక్కువే అయినా చప్పుడు వినబడుతోంది.

కమీల్ తోసింది. ఆగింది. తెల్ల రంగు డబ్బాతో నేల మీద గీసింది. మనిషి పట్టేంత పొడుగు.

రాస్కో మరకకి అటూ ఇటూ చూశాడు.

"ఇది నా గడి," అన్నాడు.

"ఇప్పుడు రెండు చిన్నవి," అంది పెద్దమ్మ కారులోంచి.

కమీల్ తలెత్తి చూసి, మళ్ళీ తోసింది. ఆగింది. ఒకటి గీసింది, పక్కనే ఇంకొకటి. రొట్టె పెట్టెలంత.

"ఇప్పుడు ఉండదు," అంది పెద్దమ్మ. "టోబియాస్."

మిషను చక్రాలు తారు మీద దొర్లుతున్నాయి. ఎక్కడా ఆగలేదు. ఖాళీ వచ్చింది, ఒక మనిషి పట్టేంత.

"ఫిలిస్. గొర్రెల బొచ్చు వడికే మనిషి. ఆమె పక్కన మొగుడు, కాస్త ఎడంగా. ఎడంగా ఎందుకో అందరికీ తెలుసు."

రెండు గీతలు. మధ్యలో ఎడం.

ఆమె ముందు చెబుతోంది, మిషను వెనక ఆగుతోంది. ఒక్కచోట కూడా తప్పలేదు. రాస్కో గుడి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కమీల్ ఏడుస్తోంది, మిషను తోస్తూనే ఉంది. నేల చూసే మనుషులు ఇలా ఏడుస్తారని నేననుకోలేదు.

వికలాంగుల గడి దగ్గర, చక్రాల కుర్చీ బొమ్మ మీద, కమీల్ ఆగింది. గీసింది. వెనక్కి తిరిగి చూసింది.

పెద్దమ్మ పేరు చెప్పలేదు. కిటికీ అద్దం పైకి ఎక్కిస్తోంది. పూర్తిగా ఎక్కాక కూడా ఆ పిడి తిప్పుతూనే ఉంది. నేను తలుపు తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ చేపలన్నీ నేనే వేయించాను కదే," అంది.

*

ట్రస్టీల సమావేశం ఆ గురువారం జరిగింది. పెద్దమ్మ కూడా వచ్చింది. మాట్లాడింది రాస్కోనే.

"అందరికీ చెబుతున్నాను, నాకు నిద్ర పట్టడం లేదు. కానీ తారు పగలగొడితే ముసలాళ్ళు ఎక్కడ దిగుతారు? మళ్ళీ బురదేనా? ఒక రాయి పెడదాం. పేర్లన్నీ చెక్కిద్దాం. గోడకి ఆనించి."

"డోర్కస్ నీ ముత్తవ్వ," అన్నాను.

"ఎవరి ముత్తవ్వో నాకు తెలుసమ్మా."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె తన సంచీలో ఏదో వెతుక్కుంటోంది. మందు బిళ్ళ.

"కలయిక నాడు బండ్లు బయట పెట్టించు," అంది. "నాకు అదొక్కటి చాలు. పిలుపు చెబుతాను."

"రాయి సంగతి?"

"ముందు పిలుపు కానీ."

*

కలయిక ఆదివారం కార్లన్నీ రోడ్డు పక్క గడ్డిలో నిలిపారు. ఏం జరిగిందో అప్పటికే అందరికీ తెలుసు. బెథెల్ బెండ్ వార్త లాస్ ఏంజెలెస్ చేరడానికి ఒక ఫోన్ చాలు. జనం గేటు దాటి, గుడి చుట్టూ తిరిగి, తారు అంచున ఆగిపోయారు. ఎవరూ గీతలు తొక్కడం లేదు. మంచి బూట్లు వేసుకున్న మగవాళ్ళు మునివేళ్ళ మీద నడుస్తున్నారు. అక్కడే అన్నేళ్ళూ కార్లు పెట్టి, బానెట్ల మీద పళ్ళేలు పెట్టుకుని తిన్నాం.

పెద్దమ్మని చక్రాల కుర్చీలో పాత రోడ్డు వైపుకి తోసుకొచ్చాను. అక్కడ గేటు లేదు. లేచి నిలబడింది. నా భుజం పట్టుకుంది.

"ఏరు నీ ఎడమ చేతికి వినబడాలి," అంది.

ముందు వరసలో పిల్లలు అలవాటుగా నోళ్ళు తెరిచారు. అరవడానికి ఏమీ లేదు. ఎడమ పక్కనే ఏరు. ఒక చిన్నది వాళ్ళమ్మ వైపు చూసింది.

"డోర్కస్, మూటలో విత్తనం తెచ్చిన మనిషి."

బదులివ్వాల్సింది టార్వర్లు. టార్వర్లంతా రాస్కో కోసం చూస్తున్నారు. రాస్కో తన గడిలో, నూనె మరక పక్కన నిలబడ్డాడు. పెద్దమ్మ ఆగింది. అతను కోటు జేబులోంచి రుమాలు తీసి, తన బరువంతా మోకాళ్ళ మీద వేసి కూర్చుని, మరక తుడవడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్ళ నూనె అది, పోదు. తుడుస్తూనే అన్నాడు.

"ఇక్కడే."

కవలలు. టోబియాస్. "వస్తాడు," అన్నారు జనం. ఫిలిస్, ఆమె మొగుడు. పేరు వెంట పేరు. నా భుజం మీద ఆమె బరువు ఒక్కో పేరుకీ పెరుగుతోంది.

చక్రాల కుర్చీ బొమ్మ దగ్గరికి వచ్చాం.

"లియోటా," అంది. "పాటలు పాడుతూ బట్టలుతికిన మనిషి."

బదులు కూడా ఆమే చెప్పాలి. చెప్పలేదు. నేను ఎదురుచూశాను. తను కిందికి వంగుతుంటే పడిపోతోందనుకుని పట్టుకున్నాను. పడటం లేదు, కూర్చుంటోంది. గీతల మధ్య కూర్చుని అరచెయ్యి తారు మీద ఆనించింది. వెంటనే తీసేసింది. అరచెయ్యి చూసుకుంది.

"కాలుతోంది," అంది.

"పదిహేడు వేసవులు. అమ్మ మీద ఇలా కాలుతోంది." తలెత్తింది. "రాస్కో."

"అక్కా."

"తీసెయ్యరా దీన్ని."

"తీసేస్తానక్కా."

అప్పుడు అంది, ఇక్కడే అని.

*

సోమవారం పొద్దున రాస్కో తన కొడుకులతో, అద్దెకు తెచ్చిన రంపంతో వచ్చాడు. తారు పలకలుగా లేచింది. కింద మట్టి నల్లగా, తడిగా ఉంది. పాత వైపు సీడరు కింది నీలం కప్పుని ఏం చెయ్యమంటావని పెద్దమ్మని అడిగాను. అక్కడే ఉంచమంది. అరవై ఏళ్ళు తను ఏడ్చింది అక్కడేనంది. అమ్మకి కొత్తది కొనమంది.

ఆగస్టు, సెప్టెంబరు నాకు పిలుపు నేర్పింది. మంచం మీద పడుకుని నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి తలుపు దాకా నడిపించేది. తప్పు చెబితే మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఒక మార్పు చేసింది. పొయ్యికి ఎడమ పక్కనున్న కుళాయి తిప్పి, నీళ్ళు పోతూ ఉండనిమ్మనేది.

అక్టోబర్‌లో ఆమెని లియోటా పక్కన పెట్టాం. కాఫీ తాగే పచ్చ గ్లాసు గుచ్చాం. మరుసటి ఆగస్టులో పాత రోడ్డు వైపు నిలబడి నేను పిలుపు చెప్పాను. చివరి పేరు కొత్తది.

"ఓజెల్లా," అన్నాను. "చేపలు వేయించిన మనిషి."

ఆమెకి పిల్లల్లేరు. పిలవాల్సిందీ నేనే, బదులు పలకాల్సిందీ నేనే. పలికే ముందు ఆగి విన్నాను. ఏరు ఎడమ చేతికే ఉంది.